గీతలు జరిగాయి, నీళ్లు రాలేదు

మార్కాపురం మనిషి సొంత ఊరు కదలకుండానే జిల్లా మీద జిల్లా మారుతూ వచ్చాడు. 1800లో నిజాం ఈ నేలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక కంభం, మార్కాపురం దత్త మండలాల్లో భాగమై కడప కలెక్టరు కిందికి వెళ్లాయి. 1858లో కర్నూలు జిల్లాను ఏర్పాటు చేస్తూ వాటిని అందులో కలిపారు. మధ్యలో నల్లమల ఉంది, కలెక్టరు అడవికి అవతల, రైతు ఇవతల. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది కాబట్టి గిద్దలూరు రైతు మూడేళ్లపాటు రాజధాని జిల్లా వాసి కూడా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది. మార్కాపురం, గిద్దలూరు రాయలసీమ లెక్కల్లోంచి తప్పుకుని కోస్తా లెక్కల్లో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు మార్కాపురం పేరు జాబితాలో లేదు, జనం రోడ్డెక్కారు. చివరికి 2025 నవంబరులో మార్కాపురం జిల్లా ఏర్పాటుకు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది.

ఈ చరిత్రను ఆఫ్రికా పటం పక్కన పెట్టి చూడాలి. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో యూరపు రాజ్యాలు కూర్చుని ఆఫ్రికాను పంచుకోవడానికి నియమాలు రాసుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికా మనిషి లేడు. తర్వాతి ఇరవై ఏళ్లలో గీసిన గీతలు ఒకే భాష మాట్లాడే జనాన్ని రెండు మూడు దేశాలకు పంచాయి, ఒకరి ముఖం ఒకరు చూడని జనాన్ని ఒకే దేశంలో కట్టేశాయి. 1960లో ఒక్క ఏడాదిలోనే పదిహేడు ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి. అప్పుడైనా గీతలు చెరిపారా అంటే, లేదు. 1964లో కైరోలో సమావేశమైన ఆఫ్రికా ఐక్యతా సంస్థ, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న సరిహద్దులనే గౌరవించాలని తీర్మానించింది. ఒక్క గీత కదిపితే ఖండమంతా కొట్టుకు చస్తుందని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఆ తీర్మానాన్ని దాటి పుట్టిన దేశాలు రెండే చెప్పుకోదగ్గవి: 1993లో ఎరిట్రియా, 2011లో దక్షిణ సూడాన్. రెండూ దశాబ్దాల రక్తపాతం తర్వాతే.

మన దగ్గర భాషా రాష్ట్రాలు వచ్చాయి, తాలూకాలు మండలాలయ్యాయి, జిల్లాలు చీలాయి. సరిహద్దు మనకు పవిత్రం కాలేదు. ఆఫ్రికాతో పోలిస్తే ఇది పెద్ద అదృష్టం, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆఫ్రికా కష్టాలన్నింటికీ బెర్లిన్ గీతలే కారణమని చెప్పే వాదానికి పడమటి ప్రకాశం ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. గీత ఇన్నిసార్లు జరిగిన చోట బతుకు ఎంత జరిగింది? బోరు ఎండిన ఊరు కర్నూలు జిల్లాలో ఉన్నా ఎండింది, ప్రకాశంలో ఉన్నా ఎండింది. పరాయి పాలన వదిలిపోయిన ఏర్పాట్లలో సరిహద్దు ఒకటి మాత్రమే. శిస్తు పద్ధతి, రైలు దారి, అడవి చట్టం, కాలువ ఏ వైపు తవ్వాలన్న లెక్క కూడా ఆ ఆస్తిలోవే. స్వతంత్ర ప్రభుత్వాలు వీటిలో దేన్ని మార్చాయో, దేన్ని ముట్టుకోకుండా దాచుకున్నాయో చూస్తే నైరోబీకీ నల్లమలకూ ఉన్న చుట్టరికం తెలుస్తుంది.

కోటగుమ్మం మీద తల

1846 జులైలో గిద్దలూరు దగ్గర ఒక యుద్ధం జరిగింది. ఒకవైపు కంపెనీ సైన్యం, మరోవైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట వచ్చిన వేలాది జనం. అతని మీద తీసిన సినిమా చూసినవాళ్లకు కత్తియుద్ధాలు గుర్తుంటాయి. అసలు తగాదా జమాఖర్చుల్లో మొదలైంది. దత్త మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల బలం విరిచేశాడు. పాలెం పోయినవాళ్లకు తవర్జీ పేరుతో నెలనెలా భరణం కట్టాడు. వారసత్వం తెగినచోట ఆ భరణం సర్కారుకే మిగులు. బంధువు చనిపోయాక తనకు రావాల్సిన వాటా ఇమ్మని అడిగిన నరసింహారెడ్డికి తహసీల్దారు కచేరీలో దక్కింది అవమానం. ఊరి కావలి కాసినందుకు మాన్యాలు అనుభవించే కట్టుబడులకు అవే మాన్యాలు ఊడుతున్న రోజులవి. వాళ్లు అతని వెంట నడిచారు. పట్టుబడ్డాక 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోటగుమ్మానికి వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. ముప్పై ఏళ్లు! ఆ దారిన పోయే రెండు తరాల పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు.

తూర్పు ఆఫ్రికాలో హేహే జాతి నాయకుడు ముక్వావా జర్మన్లతో ఏడేళ్లు పోరాడి 1898లో, చిక్కే సమయానికి, తనను తానే కాల్చుకున్నాడు. అతని తలను కోసి జర్మనీకి పంపారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక రాసుకున్న వెర్సాయ్ ఒప్పందంలో, సామ్రాజ్యాల పంపకాల నడుమ, ఆ పుర్రెను తిరిగి ఇవ్వాలని 246వ అధికరణం పెట్టారు. అది అతని నేల టాంగన్యికాకు చేరింది 1954లో. తల తీసేవాడికి తల విలువ బాగా తెలుసు.

రెండు కథలూ ఒకలా కనిపిస్తాయి గాని, తర్వాత జరిగింది వేరు. మన్రో రైతువారీ పద్ధతిలో సర్కారు నేరుగా రైతుతో లెక్క చూసుకుంది. మధ్యలో పాలెగాడు అక్కర్లేదు. కరణం, రెడ్డి, తహసీల్దారు చాలు. ఆఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి పట్టారు. అక్కడ స్థానిక నాయకుణ్ణి నిలబెట్టి, లేనిచోట కొత్తగా తయారుచేసి, అతని చేత్తోనే పన్ను, వెట్టి, శిక్ష అన్నీ నడిపించారు. ఈ పరోక్ష పాలనకు పెద్ద సిద్ధాంతకర్త ఫ్రెడరిక్ లుగార్డ్. 1914లో ఉత్తర, దక్షిణ నైజీరియాలను కలిపి ఒక్కటి చేసింది ఆయనే. ఆయన పుట్టింది మాత్రం 1858లో మన మద్రాసులో, సెయింట్ జార్జి కోటలో.

ఈ తేడాకు స్వాతంత్ర్యం తర్వాత బరువు పెరిగింది. నగరంలో ఉన్నవాడికి చట్టం, పల్లెలో ఉన్నవాడికి తెగపెద్ద. ఈ రెండు అంతస్తుల ఇల్లే ఆఫ్రికా స్వతంత్ర దేశాలకు వారసత్వంగా వచ్చిందని ఉగాండాలో పెరిగిన భారతీయ సంతతి మేధావి మహమూద్ మమ్దానీ 1996లో రాసిన పుస్తకంలో వాదించాడు. నాకు ఆ వాదం చాలావరకు నచ్చుతుంది. మన దగ్గర తెగపెద్ద స్థానంలో తహసీల్దారు ఉన్నాడు, అతను బదిలీ అవుతాడు, కోర్టుకు లాగొచ్చు. బీదరైతుకు అది చిన్న తేడా కాదు. ఇంకోమాట కూడా చెప్పాలి. రైతును సర్కారుకు ఎదురుగా ఒంటరిగా నిలబెట్టిన ఆ పద్ధతిలో ఊరికి ఉమ్మడిగా ఉన్న చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. దీని సంగతి కాసేపాగి.

నల్లమల రైలు, మొంబాసా రైలు

1876-78 కరువులో కర్నూలు జిల్లా జనాభాలో నాలుగోవంతుకు పైగా తగ్గిపోయింది. మార్కాపురం, కంభం అప్పుడు ఆ జిల్లావే. వానలు లేకపోవడం సగం కారణం. మద్రాసుకు తనిఖీకి వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. తిండి తక్కువ పెడితే ఖజానా మిగులుతుందని లెక్క. ఖజానా మిగిలిందో లేదో గాని ఊళ్లు పాడుబడ్డాయి. తర్వాత కరువు కమిషన్ కూర్చుని, కరువు వస్తే ధాన్యం తరలించడానికి రైళ్లు కావాలంది. అలా వచ్చిందే బళ్లారి-కృష్ణా రైలు దారి. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమలను చీల్చుకుని గిద్దలూరు, కంభం, దొనకొండ తాకుతూ కృష్ణ ఒడ్డుకు పోయే ఆ మీటర్‌గేజ్‌కు 1880ల్లో బొగద సొరంగం తవ్వారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన వంతెన కట్టారు. బ్రాడ్‌గేజ్ వచ్చాక రైలు కొత్త దారి పట్టింది. పాత వంతెన కట్టడాలు అడవిలో మొండిగా నిలబడి ఉన్నాయి. దిగువమెట్ట దాటాక కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు వాటి కోసం ఇప్పటికీ తలలు బయటపెట్టి చూస్తుంటారు.

బెర్లిన్‌లో పంపకం నియమాలు రాసుకుంటున్న రోజుల్లోనే బొగదలో తవ్వకం నడుస్తోంది. పదేళ్లు తిరిగేసరికి అదే మీటర్‌గేజ్ కొలతతో, ఇండియా నుంచి తెప్పించిన ఇంజన్లతో, దాదాపు 32 వేల మంది భారతీయ కూలీలతో మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా ఉగాండా రైలు వేశారు. 1896లో మొదలై 1901లో సరస్సు చేరింది. సుమారు 2,500 మంది కూలీలు చచ్చిపోయారు. పెట్టిన డబ్బు తిరిగి రాబట్టడానికి దారి పొడుగునా ఎత్తైన చల్లని నేలలను తెల్లవాళ్లకు కట్టబెట్టారు, అక్కడి కికుయూ జనం తమ నేల మీదే కూలీలయ్యారు. 1950ల్లో లేచిన మావుమావు తిరుగుబాటు వేర్లు ఆ పట్టాలెంబడే దొరుకుతాయి. కూలీల్లో ఉండిపోయినవాళ్లూ, వాళ్ల వెనకే వ్యాపారానికి వచ్చినవాళ్లూ దుకాణదారులయ్యారు, గుమాస్తాలయ్యారు. తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య మెట్టు మీద కూర్చున్నారు. 1972లో ఇదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి వాళ్లను ఉగాండా నుంచి వెళ్లగొట్టినప్పుడు మన పత్రికలు అమీన్‌ను రాక్షసుడిగా చూపించాయి. రాక్షసుడే. కానీ ఆ మెట్టు కట్టినవాడి పేరు అప్పుడు ఎవరూ ఎత్తలేదు.

రైలు మేలు చేయలేదా? చేసింది. దొనకొండకు లోకోషెడ్డు ఇచ్చింది, మార్కాపురం పలకను దేశమంతా మోసింది. అయితే ఆఫ్రికా రైళ్లలాగే ఇదీ లోపలి సరుకును రేవు వైపు లాగడానికి, బయటి సైన్యాన్ని లోపలికి తేవడానికి తగ్గట్టు వేసిన దారి. మార్కాపురం నుంచి ఒంగోలుకు, పొదిలి నుంచి కనిగిరికి రైలు అప్పట్లో ఎవరికీ అవసరమనిపించలేదు. ఘనా రైళ్లు కోకో తోటల నుంచి, బంగారు గనుల నుంచి రేవుకు పోతాయి. పక్క దేశానికి పోవు. స్వతంత్రం వచ్చి అరవై ఏళ్లు దాటినా పొరుగు దేశానికి సరుకు పంపడం కంటే యూరపుకు పంపడం తేలికన్న పరిస్థితి చాలా ఆఫ్రికా దేశాలది.

పలక సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. గనిలోంచి తీసిన రాయిని ఉలితో పొర మీద పొరగా విడదీసి, అంచులు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. బడికి పోయే పిల్లవాడి చేతిలో ఒకప్పుడు అదే పుస్తకం. స్వతంత్ర దేశం ఊరూరా బడి పెట్టడం మార్కాపురానికి పండగయింది. తర్వాత నోటుపుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చి ఆ పండగను ముగించాయి. ఇప్పుడు అదే రాయి గోడలకు, నేలకు అతికించే బిళ్లలుగా విదేశాలకు వెళుతోంది. పలక తయారు చేసిన ఊరు రాయి అమ్మే ఊరయింది. రాగి, కోబాల్టు తవ్వి పంపి, వాటితో చేసిన వస్తువులు కొనుక్కునే కాంగోకు ఈ వ్యవహారం విడమరచి చెప్పక్కర్లేదు.

ఒకే సంఘం, రెండు ఖండాలు

పడమటి ప్రకాశానికీ కాంగోకూ నేరుగా ఒక బంధం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సంఘం 1866లో జాన్ క్లౌను ఒంగోలు పంపింది. ఆ ఏడాదే కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ పెద్ద, అంతకు ముందే యోగమార్గం పట్టి గురువుల వెంట నడిచినవాడు. తెల్లదొర వచ్చి మతం మార్చాడని చెప్పే కథలో పేరయ్య పేరు ఉండదు. నిజానికి ఉద్యమాన్ని పల్లెపల్లెకు మోసింది అతనూ, అతని సాటివాళ్లూ. కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని మాదిగలకు పని ఇచ్చాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపాడు. ఆ నిలుపుదల ఎత్తేశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. 1880ల్లో కంభం, 1890ల్లో మార్కాపురం మిషన్ కేంద్రాలయ్యాయి.

ఇదే సంఘం 1884లో కాంగో నదీతీరంలోని మిషన్ కేంద్రాలను తన చేతికి తీసుకుంది. రెండేళ్లకు బాంజా మాంటేకేలో అలాంటి వెల్లువే వచ్చింది. అయితే కాంగో అప్పటికి బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి. రబ్బరు తక్కువ తెచ్చిన ఊళ్లలో చేతులు నరికారు. 1890ల్లో ఆ ఘోరాన్ని చూసి లోకానికి చెప్పినవాళ్లలో ఈ సంఘానికే చెందిన స్వీడన్ మిషనరీ షోబ్లోం ఒకడు. మిషనరీ అంటే సామ్రాజ్యం జేబులోని మనిషి అని ఒకే గాటన కట్టేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి. మిషనరీ అంటే కరుణామూర్తి అని చెప్పేవాళ్లు, మిషన్ బడి తప్ప వేరే బడి లేని చోట ఆ బడి ఏం నేర్పాలో ఎవరు నిర్ణయించారని అడగాలి.

స్వాతంత్ర్యం దగ్గర ఈ రెండు దారులూ విడిపోయాయి. ఆఫ్రికాలో మిషన్ బడుల్లో చదివినవాళ్లే దేశాధినేతలయ్యారు. ఘనాలో ఎన్‌క్రూమా, జాంబియాలో కౌండా, జింబాబ్వేలో ముగాబే. ఒంగోలు, కంభం బడుల్లో చదివినవాళ్లు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, పాస్టర్లయ్యారు. పాలకులు కాలేదు. ఇక్కడ కుర్చీ అప్పటికే ఊరి పెద్ద కులాల ఇంట్లో ఉంది, స్వాతంత్ర్యం దాన్ని మరింత గట్టిగా నాటింది. అంతటితో ఆగలేదు. 1950లో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను ఆ జాబితా నుంచి బయట పెట్టింది. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సీ కింద ఒక్క శాతం. పేరయ్య మునిమనవడికి ఊళ్లో మాదిగ పేరు పోలేదు, దానితో వచ్చే హక్కు మాత్రం పోయింది. ఈ నిర్ణయం తెల్లవాళ్లది కాదు, మనది.

గేటు పడే వేళ

దోర్నాల చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది. శ్రీశైలం పోయే బస్సులు, లారీలు, కార్లు తెల్లారి ఆరు దాకా అక్కడే. పులుల కోసం పెట్టిన నియమం, తప్పు పట్టలేం. ఆ గేటు అవతల పెంటలనే గూడేల్లో చెంచు గిరిజనులున్నారు. ఒకప్పుడు శ్రీశైలం యాత్రికులను కొండ దాటించి ప్రతిఫలం తీసుకున్నది వాళ్లే. కంపెనీ కూడా మొదట్లో వాళ్ల చేతే దారులు కాపలా కాయించింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో లెక్క మారింది. అడవి సర్కారుది, అందులోని చెంచు ఆక్రమణదారు. మేతకు పుల్లరి, కట్టెకు రుసుము. పక్కనే పల్నాడులో 1922 ఫిబ్రవరిలో పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. పుట్టుకతోనే కొన్ని జాతులను నేరస్తులుగా నమోదు చేసిన చట్టం 1871 నుంచి ఉంది, 1911 తర్వాత మద్రాసులో గట్టిగా అమలైంది. దాన్ని మన దేశం 1952లో రద్దు చేసింది. సరిగ్గా అదే ఏడాది దక్షిణాఫ్రికా నల్లవాళ్ల పాసు చట్టాలన్నింటినీ ఒక్క పుస్తకంగా కుట్టి మరింత బిగించింది. రెండు దేశాల దారులు ఎక్కడ చీలాయో చూపడానికి నాకు దీనికంటే మంచి తేదీ కనపడదు.

అడవి విషయంలో మాత్రం చీలలేదు. 1951లో బ్రిటిష్‌వాళ్లు సెరెంగెటీని జాతీయ పార్కు చేశారు, 1959లో అక్కడి మసాయీ పశువుల కాపరులను ఎంగోరోంగోరోకు తరలించి, ఇక మీ జోలికి రామన్నారు. స్వతంత్ర టాంజానియా ఆ పార్కును అలాగే ఉంచుకుంది. 2022లో లోలియోండోలో మసాయీల మేత నేలకు హద్దురాళ్లు పాతడానికి పోలీసులు వచ్చినప్పుడు గొడవ జరిగింది. మాటిచ్చిన సర్కారు మారింది, మాట తప్పే పద్ధతి మారలేదు. ఇక్కడ 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల ప్రాజెక్టులో చేరింది, విస్తీర్ణంలో దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుకు అడవి మీద హక్కు ఉందని మొదటిసారి రాతపూర్వకంగా చెప్పింది. యర్రగొండపాలెం వైపు పాలుట్ల లాంటి గూడెంలో తేనె, తపసి జిగురు, కుంకుళ్లు ఏరుకొచ్చే మనిషికి ఆ హక్కు ఇప్పటికీ ఫారెస్టోళ్ల మంచితనం మీద ఆధారపడి ఉంది. తెల్లవాడు రాసిన ఫైలును చదవడం మనం బాగా నేర్చుకున్నాం, కొట్టివేయడం నేర్చుకోలేదు.

చెరువు, సొరంగం

ఇక నీళ్లు. నా ఉద్దేశంలో పడమటి ప్రకాశం కథంతా ఇక్కడే ఉంది.

గుండ్లకమ్మ కొండల మధ్య నుంచి బయటపడే సందును మూసి కట్టిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. గజపతి రాకుమార్తె వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. కట్ట ఎత్తు 57 అడుగులు, పదివేల ఎకరాలకు పైగా పారుదల. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఇలాంటి చెరువులను నిలబెట్టడానికి దత్త మండలాల్లో దశబంధం మాన్యాలుండేవి. చెరువు తవ్వి, మరమ్మతు చేసేవాడికి భూమి. 1860ల నాటి ఇనాం కమిషన్ ఆ మాన్యాలను సేవ నుంచి విడదీసి పన్ను కట్టే ఆస్తులుగా మార్చుకుంటూ పోయింది. చెరువు పూడిక ఎవరు తీయాలి? రైతు సర్కారు వైపు చూశాడు, సర్కారు వెట్టి చట్టం వైపు చూసింది. అంతకు ముందే కంపెనీ డబ్బంతా డెల్టాల్లో పడింది. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్ట. పెట్టిన రూపాయికి ఎక్కువ శిస్తు వచ్చే చోట నీళ్లు, రాని చోట కరువు పని.

సూడాన్‌లో బ్రిటిష్‌వాళ్లు 1925లో సెన్నార్ ఆనకట్ట కట్టి, నైలు నీళ్లు గెజీరా పత్తిచేలకు మళ్లించారు. రైలు, ఆసుపత్రి, కాలేజీ అన్నీ ఖార్తూం చుట్టూ. డార్ఫర్‌కూ దక్షిణానికీ దక్కింది పోలీసు. 1956లో జెండా మారింది, నీళ్ల దారి మారలేదు. ఖార్తూంలో కూర్చున్న స్వదేశీ పాలకులు పాత లెక్కల పుస్తకమే తెరిచారు. దక్షిణ సూడాన్ ఎందుకు విడిపోయింది, డార్ఫర్ ఎందుకు 2003లో మండింది అని అడిగేవాళ్లు మతం, తెగల మాట ఎత్తే ముందు ఆ లెక్కలు చూడాలి.

మన దగ్గర అంత మంట లేకపోవడానికి కారణం, అడిగే దారి మూసుకుపోలేదు. 1928లో నంద్యాల సభలో దత్త మండలాలకు రాయలసీమ పేరు వచ్చింది. 1937 నవంబరులో మద్రాసులోని శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అన్నారు. మార్కాపురం, కంభం అప్పుడు కర్నూలు జిల్లా, అంటే ఆ ఒప్పందంలో భాగస్వాములు. 1970లో జిల్లా మారడంతో సీమ కోటాలోంచి జారారు. కోస్తా కోటాలో చేరారా అంటే, డెల్టా వాడికి వీళ్లు కొండవాళ్లు. పేరు కోస్తా, నేల సీమ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలు, హైదరాబాదుకో గుంటూరుకో మూటలు కట్టుకుని పోయే వలస కూలీలు ఏ ప్రాంత లెక్కలోకి వస్తారో చెప్పేవాడు లేకపోయాడు.

స్వతంత్ర భారతం పెద్ద ఆనకట్టలు కట్టింది. నెహ్రూ 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు, 1963 జులైలో శ్రీశైలానికి శంకుస్థాపన చేశారు. ఆ రోజుల్లోనే ఎన్‌క్రూమా ఘనాలో అకోసోంబో ఆనకట్ట కట్టించాడు. 80 వేల మంది ఊళ్లు వదిలారు, కరెంటు ముందుగా అమెరికా కంపెనీల అల్యూమినియం కర్మాగారానికి పోయింది. శ్రీశైలం ముంపుతో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. కొండకు ఇటువైపు ఉన్న మార్కాపురానికి ఆ నీళ్ల చప్పుడు కూడా వినిపించలేదు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య కొండను తొలిచి కృష్ణ నీళ్లు ఇటు తేవాలని పోరాడాడు. ఆయన పేరే పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలు, 43.5 టీఎంసీలు, నాలుగున్నర లక్షల ఎకరాలు, పదిహేను లక్షల మందికి తాగునీరు. ఎన్నికల సభల్లో ఈ అంకెలు పిల్లలకు కూడా కంఠతా వచ్చేశాయి. మొదటి సొరంగం 2021లో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. ఆ మార్చి 6న జాతికి అంకితం చేశారు. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల సహా ముంపు గ్రామాల జనానికి ఇవ్వాల్సిన పరిహారం, కట్టివ్వాల్సిన కాలనీలు అప్పటికి మిగిలే ఉన్నాయి. జనం ఖాళీ చేయనిదే ఈ ప్రాజెక్టు జలాశయమైన నల్లమల సాగర్‌లో నీళ్లు నిలపలేరు.

బొగద సొరంగాన్ని తెల్లవాళ్లు 1880ల్లో కొన్నేళ్లలో తవ్వేశారు. వాళ్లను పొగడడానికి ఈ మాట చెప్పడం లేదు, కూలివాడి ప్రాణానికి లెక్క లేనప్పుడు ఏ పనైనా తొందరగానే అవుతుంది. అయినా తమకు కావాల్సిన పనిని ఎలా పూర్తి చేయాలో సామ్రాజ్యానికి తెలుసు. పడమటి ప్రకాశానికి కావాల్సిన పనిని పూర్తి చేయడం స్వరాజ్యానికి పాతికేళ్లకు పైగా తెలియలేదు. దీనికి మన్రోనో, టెంపుల్‌నో నిందించి తప్పుకోలేం. ఆఫ్రికా నాయకులు ప్రతి వైఫల్యానికీ బెర్లిన్ మీద నెపం వేసినప్పుడు అక్కడి యువతరం ఇప్పుడు నవ్వుతోంది. మార్కాపురం యువకుడికీ ఆ నవ్వు నవ్వే హక్కుంది.

మార్కాపురం జిల్లా కలెక్టరేట్ బోర్డు చూసి జనం స్వీట్లు పంచుకుంటే తప్పు లేదు. కచేరీకి ఒంగోలు దాకా బస్సు పట్టే బాధ తప్పడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ కలెక్టరు బల్ల మీద మొదటి ఫైలు వెలిగొండ ముంపు గ్రామాల పునరావాసానిది కావాలి, రెండోది చెంచు పెంటల సామూహిక అటవీ హక్కు పత్రాలది కావాలి. ఈ రెండూ ఏ తేదీకల్లా ముగిస్తారో అడగాల్సింది ఎన్నికలప్పుడు కాదు, ఇప్పుడే.